గర్భిణి చెకప్‌ను పేరుకి కాకుండా పూర్తిగా చేయించుకోవడం ఎలా?

మన రెండు రాష్ట్రాల్లో గర్భిణులు ఆసుపత్రి గడప తొక్కడం లేదని ఇప్పుడు ఎవరూ అనలేరు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో కనీసం నాలుగు చెకప్‌లు చేయించుకున్న తల్లులు దేశం మొత్తం మీద 58 శాతం ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో 67 శాతం, తెలంగాణలో 70 శాతం దాటారు. అదే సర్వేలో ఇంకో లెక్క ఉంది. రెండు రాష్ట్రాల్లోనూ గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారు. రక్తం తక్కువుందని కనిపెట్టడానికీ, దాన్ని పెంచడానికీ నాలుగు చెకప్‌లు సరిపోవాలి. సరిపోవడం లేదంటే, వెళ్లిన చోట పని సగంలో ఆగిపోతోందన్నమాట. బరువు చూసి, మాత్రలు చేతిలో పెట్టి, కార్డులో తేదీ వేసి పంపించేసినా లెక్కల్లో అది ఒక చెకప్పే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2023లో గర్భం, కాన్పు కారణంగా సుమారు 2,60,000 మంది తల్లులు చనిపోయారు. వాళ్లలో పదికి తొమ్మిది మందికి పైగా మనలాంటి దేశాల్లోనూ, మనకంటే పేద దేశాల్లోనూ ఉన్నవాళ్లే. వాళ్లను తీసుకుపోతున్నవి కొత్త జబ్బులేమీ కావు. ఆగని రక్తస్రావం, బీపీ, ఇన్ఫెక్షన్. ఇందులో బీపీ చెకప్‌లోనే దొరికిపోతుంది. రక్తస్రావాన్ని ముందే చెప్పలేకపోయినా, ఒంట్లో తగినంత రక్తం ఉన్న తల్లి దాన్ని తట్టుకుంటుంది. అందుకే చెకప్ ఎలా జరిగిందన్నది ఇంత ముఖ్యం.

మీరు గర్భిణి అయినా, భార్యనో కూతుర్నో కోడల్నో వెంటబెట్టుకుని వెళ్లేవాళ్లయినా ఇది మీకోసమే. పీహెచ్‌సీకి వెళ్లినా ప్రైవేటుకి వెళ్లినా ఏం జరగాలో ముందే తెలిసి వెళ్లండి. జరగకపోతే అడిగి చేయించుకోండి. మీ ఒంటికి తగ్గ మందు, మోతాదు మాత్రం మీ డాక్టరే చెప్పాలి.

ముందుగా: నెల తప్పగానే పేరు రాయించుకోండి

మూడో నెల దాటేదాకా ఎవరికీ చెప్పకూడదు, దిష్టి తగులుతుంది అనే మాట చాలా ఇళ్లలో ఉంది. చుట్టాలకు చెప్పకపోతే పోయిందేమీ లేదు. ఆశా వర్కర్‌కి, ఏఎన్ఎమ్‌కి మాత్రం నెల తప్పిన వెంటనే చెప్పండి. 12 వారాలు నిండకముందే పేరు నమోదై, మొదటి చెకప్ అయిపోవాలి.

కారణం ఇదీ. బీపీ అయిదో నెల తర్వాత పెరిగితే అది గర్భం వల్ల వచ్చినదా, ముందునుంచే ఉన్నదా అన్నది తేల్చుకోవాలి, ఎందుకంటే రెండింటికీ చూసే తీరు వేరు. మొదటి నెలల్లో చూసిన అంకె లేకపోతే డాక్టర్ ఊహించుకోవాల్సి వస్తుంది. బరువుదీ ఇదే సంగతి. మొదట ఎంత ఉన్నారో తెలియకుండా ఎంత పెరిగారో చెప్పలేరు. బిడ్డ వెన్నెముక, మెదడు సరిగ్గా ఏర్పడడానికి ఫోలిక్ యాసిడ్ కావాలి, అది మొదటి మూడు నెలల్లోనే అందాలి. ఆలస్యంగా మొదలుపెడితే ఆ పనికి అక్కరకు రాదు.

వెళ్లేముందు చివరి నెలసరి మొదటి రోజు తేదీ కాగితం మీద రాసుకోండి. ఆ తేదీకి తొమ్మిది నెలల ఏడు రోజులు కలిపితే కాన్పు తేదీ వస్తుంది. జనవరి 10 అయితే అక్టోబర్ 17. నెలసరి క్రమంగా రానివాళ్లకు ఈ లెక్క కుదరదు. అలాంటప్పుడు మొదటి మూడు నెలల్లో తీసే స్కాన్ చెప్పిన తేదీయే నమ్మకమైనది. ఆ స్కాన్ రిపోర్టు కాన్పయ్యేదాకా పోగొట్టుకోకండి. చివర్లో తేదీ దాటిందా లేదా అన్న ప్రశ్న వస్తే జవాబు దాంట్లోనే ఉంటుంది.

ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, పాత కాన్పుల కాగితాలు తీసుకెళ్లండి. నమోదు చేశాక మీకు తల్లీబిడ్డల కార్డు ఇస్తారు. ఎంసీపీ కార్డు అని పిలిచేది దాన్నే. ప్రభుత్వ రికార్డుల్లో మిమ్మల్ని గుర్తించే ఆర్‌సీహెచ్ నంబరు దాని మీద రాశారో లేదో చూసుకోండి. ప్రైవేటులో చూపించుకుంటున్నా సరే, ఈ కార్డు చేయించుకోండి. ప్రభుత్వం నుంచి వచ్చే డబ్బుకీ, టీకాలకీ, రేపు ఏదైనా అవసరమై పెద్దాసుపత్రికి వెళ్లినా ఆధారం ఇదే.

మొదటిరోజే దాచకుండా చెప్పాల్సినవి

ఇక్కడ చాలామంది మొహమాటపడతారు, ముఖ్యంగా అత్తగారు పక్కనుంటే. ముందు అబార్షన్ అయిందా, పుట్టిన బిడ్డ పోయిందా, సిజేరియన్ అయిందా, కాన్పప్పుడు ఫిట్స్ గానీ ఎక్కువ రక్తస్రావం గానీ అయ్యాయా, బీపీ, షుగర్, థైరాయిడ్, గుండె జబ్బు, టీబీ ఏవైనా ఉన్నాయా, ఇవన్నీ డాక్టరుకు తెలియాలి. పక్కనున్నవాళ్ల ముందు చెప్పలేకపోతే, "సిస్టర్, మీతో ఒక్క నిమిషం విడిగా మాట్లాడాలి" అనండి. ఆ వీలు కల్పించడం వాళ్ల పనిలో భాగమే.

మేనరికం అయితే తప్పకుండా చెప్పండి. మన దగ్గర మేనమామను, మేనబావను చేసుకోవడం మామూలే కాబట్టి అదో చెప్పాల్సిన సంగతిగా ఎవరికీ తోచదు. ఇంట్లో ఎవరికైనా పుట్టుకతో లోపాలు, రక్తం జబ్బులు ఉంటే డాక్టర్ అడగాల్సిన పరీక్షలు మారిపోతాయి. ఏజెన్సీ ప్రాంతాలవాళ్లు సికిల్ సెల్ అనే, పుట్టుకతో వచ్చే రక్తం జబ్బుకు పరీక్ష అయిందా అని అడగాలి. అది మీకు ఉందని తేలితే భర్తకు కూడా పరీక్ష చేయాలి.

వయసు 18 లోపు, 35 పైన ఉన్నా, ఎత్తు బాగా తక్కువున్నా, కవలలున్నా, పైన చెప్పినవాటిలో ఏదైనా ఉన్నా మిమ్మల్ని హై రిస్క్ అంటారు. ఆ మాట విని టెన్షన్ పడకండి. హై రిస్క్ అంటే మీకు ఏదో అయిపోతుందని కాదు, ఎక్కువసార్లు చూడాలనీ, కాన్పు పెద్దాసుపత్రిలోనే జరగాలనీ అర్థం. ముందు కాన్పులో బీపీ వచ్చినవాళ్లు మాత్రం మూడో నెలలోనే ఒక ప్రశ్న అడగాలి: "డాక్టర్ గారూ, నాకు ఆస్పిరిన్ చిన్న మోతాదు అవసరమా?" అవసరమైనవాళ్లకు అది నాలుగో నెల అటూ ఇటూగా మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది.

ఎప్పుడెప్పుడు వెళ్లాలి

మన దేశంలో కనీసం నాలుగు అని పెట్టారు: 12 వారాల్లోపు ఒకటి, 14–26 వారాల మధ్య ఒకటి, 28–34 మధ్య ఒకటి, 36 వారాల తర్వాత ఒకటి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో దీన్ని ఎనిమిదికి పెంచింది. 12, 20, 26, 30, 34, 36, 38, 40 వారాలకు. మీకు వీలైతే ఎనిమిదే పట్టుకోండి. చివరి నెలల్లో ఎక్కువసార్లు ఉండడం ఊరికే కాదు, బీపీ ఎక్కువగా పెరిగేదీ, బిడ్డ ఎదుగుదల ఆగితే బయటపడేదీ అప్పుడే.

ప్రతి నెలా 9వ తేదీ గుర్తుంచుకోండి. 2016లో మొదలైన ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద ఆ రోజు ప్రభుత్వ ఆసుపత్రుల్లో డాక్టరే స్వయంగా గర్భిణులను ఉచితంగా చూడాలి. నాలుగో నెల నుంచి దీనికి వెళ్లొచ్చు. మిగతా రోజుల్లో ఏఎన్ఎమ్ చూసినా, నెలకొకసారైనా డాక్టర్ చేతి కింద పడాలంటే ఇదే మంచి దారి. హై రిస్క్ అని తేలితే కార్డు మీద ఎర్ర స్టిక్కర్ అంటిస్తారు. ఏ ఇబ్బందీ లేకపోతే ఆకుపచ్చది. మీ కార్డుకి ఎర్రది అంటించి కారణం చెప్పకపోతే, ఆ కారణం తెలుసుకోకుండా లేవకండి.

గదిలో కూర్చున్నాక: ప్రతిసారీ జరగాల్సిన పనులు

ఇక్కడే కొంచెం నిదానంగా చదవండి.

బీపీ. కార్డులు తిరగేస్తే కొన్నింట్లో ప్రతి నెలా 110/70, 110/70, 110/70 అని ఒకే అంకె వరసగా కనిపిస్తుంది. మనిషి బీపీ అలా గీత గీసినట్టు ఉండదు. పట్టీ చుట్టకుండానే రాసిన అంకె అయినా కావచ్చు, ఎండలో నడిచొచ్చిన మనిషిని నిలబెట్టి చూసిన అంకె అయినా కావచ్చు. సరిగ్గా చూడాలంటే ముందు మూత్రానికి వెళ్లి రావాలి. అయిదు నిమిషాలు కుర్చీలో వీపు ఆనించి, కాళ్లు నేలకు ఆనించి, మాట్లాడకుండా కూర్చోవాలి. చేయి బల్ల మీద గుండె ఎత్తులో ఉండాలి. పట్టీ జాకెట్ చేతి మీద కాదు, చర్మం మీద చుట్టాలి. బిగుతు జాకెట్ చేయి పైకి మడిస్తే అదే కట్టులా బిగుసుకుని అంకె తప్పొస్తుంది, కాబట్టి చెకప్ రోజు వదులు చేతుల జాకెట్ గానీ నైటీ గానీ వేసుకోండి. చూశాక "ఎంత వచ్చింది సిస్టర్?" అని అడగండి. పై అంకె 140 గానీ కింది అంకె 90 గానీ అందుకుంటే కాసేపు కూర్చోబెట్టి మళ్లీ చూడాలి. అప్పుడూ అంతే ఉంటే డాక్టర్ చూడకుండా ఇంటికి రావద్దు. 160/110 అయితే అది ఎమర్జెన్సీ, అదే రోజు పెద్దాసుపత్రికి వెళ్లాలి. తలనొప్పి లేదు కదా, బాగానే ఉన్నాను కదా అనుకోవద్దు. బీపీ చాలాసార్లు ఏ బాధా లేకుండానే పెరుగుతుంది.

మూత్రం. ప్రతి చెకప్‌లోనూ ఆల్బుమిన్ అనే ప్రొటీన్, షుగర్ పోతున్నాయేమో చూడాలి. డబ్బీ ఇచ్చి పంపడం, ఒక పట్టీ ముంచి రంగు చూడడం, రెండు నిమిషాల పని. ఎక్కువగా ఎగ్గొట్టేది కూడా దీన్నే. బీపీతో పాటు మూత్రంలో ఆల్బుమిన్ కనిపిస్తే గుర్రపువాతానికి దారి పడుతోందని అనుమానించాలి. గర్భిణికి ఫిట్స్ రావడాన్నే మన పెద్దవాళ్లు గుర్రపువాతం అంటారు. అడగకపోతే చేయని చోట మీరే అడగండి: "మూత్ర పరీక్ష కూడా రాయండి మేడమ్."

బరువు. ఒకే రకం బట్టలతో, చెప్పులు విప్పి చూసుకోండి. తొమ్మిది నెలల్లో మొత్తం 9 నుంచి 11 కిలోలు పెరగడం మామూలు. ఒక్క వారంలోనే ఉన్నట్టుండి బాగా పెరిగితే అది తిండి వల్ల కాకపోవచ్చు, నీరు చేరుతూ ఉండొచ్చు. అప్పుడు బీపీ మళ్లీ చూడమనాలి.

పొట్ట. అయిదు, ఆరో నెల నుంచి ప్రతిసారీ మిమ్మల్ని మంచం మీద పడుకోబెట్టి చేత్తో చూడాలి. గర్భసంచి ఎంత ఎత్తుకు వచ్చిందో టేపుతో కొలవాలి. 24 వారాలు దాటాక సెంటీమీటర్ల అంకె వారాల అంకెకు దగ్గరగా ఉంటుంది. 30 వారాలకు 30 సెంటీమీటర్లు, రెండు అటూ ఇటూ. బాగా వెనకబడితే బిడ్డ ఎదగడం లేదేమో చూడాలి, బాగా ముందుంటే కవలలో, షుగరో, ఉమ్మనీరు ఎక్కువో. బిడ్డ గుండె చప్పుడు కూడా వినాలి. మిమ్మల్ని కూర్చోబెట్టే పంపేస్తే పొట్ట చూడలేదన్నట్టే. అడగడానికి సిగ్గుపడకండి, కర్టెన్ వేయమని కూడా అడగండి.

రక్తం: అంకె అడగండి, అది పెరిగిందా అని కూడా అడగండి

హిమోగ్లోబిన్ 11 ఉంటే చాలు. 10 నుంచి 10.9 కొంచెం తక్కువ, 7 నుంచి 9.9 మధ్యరకం, 7 లోపు తీవ్రం. "రక్తం కొద్దిగా తక్కువుందమ్మా, మాత్రలు వేసుకో" అని పంపేస్తే సరిపోదు. అంకె కార్డులో పడాలి. నాలుగో నెల నుంచి రోజుకో ఐరన్ మాత్ర అందరికీ, కనీసం 180 రోజులు. మధ్యరకం తక్కువుంటే సాధారణంగా రోజుకి రెండు ఇస్తారు, నెల తిరిగాక మళ్లీ పరీక్ష చేస్తారు. ఆ నెలలో కనీసం ఒక పాయింట్ పెరగాలి. సరిగ్గా వేసుకున్నా పెరగకపోతే అవే మాత్రలు ఇస్తూ పోవడం కాదు, పెద్దాసుపత్రికి పంపాలి. అక్కడ సికిల్ సెల్, తలసీమియా లాంటివి లేవని తేల్చుకుని, అవసరమైతే ఐరన్ సెలైన్‌లో ఎక్కిస్తారు. ఎనిమిదో నెల వచ్చాక మాత్రలతో పెంచే వ్యవధి ఉండదు. అప్పుడు ఇంకా తక్కువుంటే "ఐరన్ ఇంజెక్షన్ పెట్టించుకోవచ్చా?" అని మీరే కదిపి చూడండి. 7 లోపు ఉంటే ఇంట్లో ఉండే కేసే కాదు.

ఇక మాత్రలు ఇంటికొచ్చాక అలమారాలోనే ఉండిపోవడం. దేశంలో 180 రోజులు ఐరన్ వేసుకున్న తల్లులు నూటికి 26 మందే అని అదే సర్వే చెప్పింది. ఐరన్ వేసుకుంటే బిడ్డ నల్లగా పుడుతుందనీ, పెద్దదై కాన్పు కష్టమవుతుందనీ చెప్పే మాటలు నమ్మకండి. రెండింట్లోనూ నిజం లేదు. మలం నల్లగా రావడం మామూలే. వికారం, మలబద్ధకం మాత్రం నిజమైన ఇబ్బందులు. రాత్రి అన్నం తిన్న గంటకు వేసుకుని పడుకుంటే వికారం తగ్గుతుంది. నిమ్మరసంతోనో, జామకాయ ముక్కతోనో వేసుకుంటే ఐరన్ ఒంటికి బాగా పడుతుంది. టీ, కాఫీ, పాలతో వేసుకుంటే పట్టదు. కాల్షియం మాత్రకూ దీనికీ కనీసం రెండు గంటల తేడా ఉండాలి. సులువైన పద్ధతి ఏమిటంటే పొద్దున టిఫిన్‌తో ఒక కాల్షియం, మధ్యాహ్నం భోజనంతో ఇంకో కాల్షియం, రాత్రికి ఐరన్. అస్సలు పడకపోతే మానేసి ఊరుకోకండి, ఏఎన్ఎమ్‌కి చెబితే వేరేది ఇస్తారు. గ్రహణం రోజు పస్తు ఉంచి, గదిలో కూర్చోబెట్టే ఇళ్లు ఇంకా ఉన్నాయి. ఆ రోజు కూడా తిండీ, నీళ్లూ, మాత్రలూ ఆపొద్దు.

నాలుగో నెల వచ్చాక నులిపురుగుల మాత్ర ఒకటి ఇస్తారు. కొక్కెపురుగులు రక్తం తాగుతుంటే ఐరన్ ఎంత వేసుకున్నా నిలవదు, కాబట్టి దాన్ని తేలిగ్గా తీసుకోకండి.

షుగర్ పరీక్ష, మిగతా రక్త పరీక్షలు

షుగర్ ఎప్పుడూ లేనివాళ్లకు కూడా గర్భంలో రావచ్చు. మన ప్రభుత్వ ఆసుపత్రుల్లో చేసే పరీక్షకు పరగడుపున రావాల్సిన పని లేదు. 75 గ్రాముల గ్లూకోజ్‌ను ఒక పెద్ద గ్లాసు నీళ్లలో కలిపి ఇస్తారు. నాలుగైదు నిమిషాల్లో తాగేయాలి, గటగటా కాకుండా గుక్క గుక్కగా తాగితే వాంతి రాదు. సరిగ్గా రెండు గంటలకు రక్తం తీస్తారు. 140 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే గర్భంలో షుగర్ ఉన్నట్టు. తాగిన అరగంటలోపు వాంతి అయితే ఆ పరీక్ష లెక్కలోకి రాదు, మర్నాడు మళ్లీ చేయాలి. ఇది మొదటి చెకప్‌లో ఒకసారి, 24–28 వారాల మధ్య మళ్లీ ఒకసారి జరగాలి. మొదటిసారి బాగుందని రెండోసారి వదిలేస్తుంటారు. అసలు షుగర్ ఎక్కువగా బయటపడేది రెండోసారే.

బ్లడ్ గ్రూపు, హెచ్ఐవీ, సిఫిలిస్, హెపటైటిస్ బి పరీక్షలు మొదటిరోజే అయిపోవాలి. వీటిలో ఏదున్నా బిడ్డకు సోకకుండా చూసే మార్గాలున్నాయి, ముందు తెలిస్తేనే. మీ గ్రూపు నెగెటివ్ అయి, భర్తది పాజిటివ్ అయితే 28 వారాలకు యాంటీ డి ఇంజెక్షన్ గురించి అడగండి, బిడ్డ రక్తానికి మీ ఒంట్లో విరుగుడు తయారవకుండా వేసేది అది. పుట్టిన బిడ్డ పాజిటివ్ అయితే 72 గంటల్లోపు మళ్లీ వేయాలి. ధనుర్వాతం రాకుండా టీడీ టీకా రెండు డోసులు, మధ్య నాలుగు వారాలు ఉండేలా.

స్కాన్లు ఎక్కువైతే చెకప్ గొప్పగా జరిగినట్టని చాలామంది అనుకుంటారు. ప్రైవేటులో నెలకో స్కాన్ తీసి, బీపీ చూడకుండా పంపే చోట్లూ ఉన్నాయి. మామూలు గర్భానికి మొదటి మూడు నెలల్లో ఒకటి, 18–20 వారాల మధ్య అవయవాలన్నీ చూసే టిఫా స్కాన్ ఒకటి, చివరి నెలల్లో డాక్టర్ అవసరమంటే ఒకటి, అంతే. వీటిలో టిఫా తేదీ దాటనివ్వకండి. ఆడో మగో అడగొద్దు. 1994 చట్టం ప్రకారం అడగడమూ, చెప్పడమూ రెండూ నేరాలే.

అడగడానికి నోరు రాకపోతే

క్యూ పొడుగ్గా ఉంటుంది. సిస్టర్ విసుక్కుంటుంది. ఆవిడ పొద్దుట్నుంచి వందమందిని చూసి ఉండొచ్చు, అదీ నిజమే. అయినా మీ వంతు మీదే. వెళ్లేముందు మూడు ప్రశ్నలు కాగితం మీద రాసుకుని వెళ్లండి. కూర్చోగానే కార్డు తెరిచి, ఖాళీగా ఉన్న గడి చూపించి, "మేడమ్, పోయిన నెల ఇది రాయలేదు, ఈసారి చూస్తారా?" అనండి. గొడవ పడినట్టుండదు, పనీ అవుతుంది. ఇంకో ఇద్దరు ముగ్గురు గర్భిణులతో కలిసి వెళితే ధైర్యం వస్తుంది. లేవబోయేముందు రెండు సంగతులు అడిగి లేవండి: ఈ రోజు తేడాగా ఏమైనా కనిపించిందా, మళ్లీ ఎప్పుడు రావాలి.

భర్తలకు ఒక మాట. బయట బండి మీద కూర్చుని ఫోన్ చూసుకునే బదులు లోపలికి రండి. మీ ఆవిడ బీపీ, రక్తం అంకెలు మీకూ నోటికి రావాలి. రాత్రి రెండు గంటలకు ఆసుపత్రిలో డాక్టర్ అడిగేది మిమ్మల్నే.

ప్రభుత్వ ఆసుపత్రిలో పరీక్షలకు, మందులకు, కాన్పుకు, సిజేరియన్‌కు, రక్తానికి డబ్బు కట్టనక్కర్లేదు. 2011 నుంచి జననీ శిశు సురక్ష కార్యక్రమం కింద ఇది మీ హక్కు. మామూళ్లు అడిగితే 104కి ఫోన్ చేసి ఫిర్యాదు చేయొచ్చు.

పుట్టింటికి వెళ్లేముందు

మొదటి కాన్పు పుట్టింట్లో అన్నది మన ఆచారం. సీమంతం చేసి ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో పంపుతారు. మంచి ఆచారమే, అమ్మ దగ్గర ఉన్న ధైర్యం వేరు. కానీ అత్తింటి ఊళ్లో ఆశా వర్కర్ "వెళ్లిపోయింది కదా" అనుకుంటుంది, పుట్టింటి ఊళ్లో ఆవిడకు మీరొచ్చిన సంగతే తెలియదు. సరిగ్గా బీపీ, రక్తం దగ్గరదగ్గరగా చూడాల్సిన నెలల్లో మిమ్మల్ని ఎవరూ చూడకుండా పోతారు. ఈ సందులోనే ఎన్నో కేసులు చేయి జారిపోతున్నాయి.

కాబట్టి బయల్దేరే ముందు ఇక్కడి ఆశా వర్కర్‌కి తేదీ, ఊరి పేరు చెప్పండి. కార్డు, స్కాన్లు, రిపోర్టులు అన్నీ ఒక సంచిలో పెట్టి మీతోనే ఉంచుకోండి, పెట్టెలో పెట్టి వెనక పంపొద్దు. ప్రతి పేజీ ఫోన్‌లో ఫోటో తీయండి. పుట్టిల్లు చేరిన వారంలోపు మీ అమ్మగారు అక్కడి ఆశా వర్కర్‌ను ఇంటికి పిలవాలి. ఆర్‌సీహెచ్ నంబరు చూపిస్తే పాత వివరాలు అక్కడా దొరుకుతాయి. పని కోసం హైదరాబాద్‌కో, బెంగళూరుకో వలస వెళ్లిన కుటుంబాలకూ ఇదే వర్తిస్తుంది. ఆ నంబరు ఊరు మారితే మారదు.

ఆగకుండా వెళ్లాల్సిన గుర్తులు

ఏ చిన్న రక్తస్రావమైనా. తగ్గని తలనొప్పి, కళ్లు మసకబారడం, పొట్ట పైభాగంలో నొప్పి, ముఖం, చేతులు ఉబ్బడం. ఫిట్స్. ఉమ్మనీరు పోవడం. జ్వరం. ఆయాసం. బిడ్డ కదలిక తగ్గడం. ఇవి ఏ సమయంలో వచ్చినా తెల్లారేదాకా చూడొద్దు, 108కి ఫోన్ చేయండి. వాము కషాయం, నూనె మర్దన లాంటివి చేస్తూ గంటలు పోగొట్టొద్దు. మందుల షాపులో అడిగి నొప్పి మాత్రలు వేసుకోవద్దు.

కదలికలు ఏడో నెల నిండాక రోజూ ఒకే వేళకు చూసుకోవడం అలవాటు చేసుకోండి. అన్నం తిన్నాక ఎడమ పక్కకు తిరిగి పడుకుని లెక్కపెట్టండి. రెండు గంటల్లో పది రాకపోయినా, రోజూ ఉండే హుషారు ఇవాళ లేదనిపించినా, అప్పుడే బయల్దేరండి.

కాన్పు ఎక్కడ, ఎలా అన్నది 36 వారాలకే తేల్చుకోండి

బిడ్డ తల కిందికి తిరిగిందా, సాధారణ కాన్పుకు వీలుందా, ఏ ఆసుపత్రికి వెళ్లాలి, అక్కడ రాత్రిపూట మత్తు డాక్టరూ రక్తమూ ఉంటాయా అని డాక్టర్‌ను నేరుగా అడగండి. రక్తహీనత ఉన్నవాళ్లు ఇద్దరు రక్తదాతలను ముందే మాట్లాడిపెట్టుకోవాలి. కొండ ఊళ్లవాళ్లు తేదీకి రెండు మూడు వారాల ముందే కిందికి దిగి ఉండడం మంచిది. పార్వతీపురం మన్యం జిల్లా సాలూరులో గిరిజన గర్భిణుల కోసం వసతి గృహం ఇందుకే పెట్టారు. నొప్పులు మొదలయ్యాక డోలీలో దిగడం కంటే అది ఎంతో క్షేమం.

సిజేరియన్ గురించి. అదే 2019–21 సర్వే నాటికి తెలంగాణలో నూటికి 60 కాన్పులు, ఆంధ్రప్రదేశ్‌లో 42 సిజేరియన్లే. దేశం సగటు 21. అవసరమైనప్పుడు అది ప్రాణం కాపాడుతుంది, అక్కడ వెనకాడొద్దు. కానీ "ఎందుకు చేయాలి, ఆగితే ఏమవుతుంది?" అని అడిగి, కారణం కాగితం మీద రాయించుకోండి. ముహూర్తం చూసి కోయించుకోవడం మాత్రం మానుకోండి, ఇది చేతులు జోడించి అడుగుతున్నాను. 39 వారాలు నిండకముందే మంచి నక్షత్రమని తీసిన బిడ్డకు ఊపిరితిత్తులు పూర్తిగా సిద్ధమై ఉండకపోవచ్చు. అలా పుట్టి శ్వాస అందక ఐసీయూలో పెట్టాల్సి వచ్చే బిడ్డలున్నారు. తల్లికీ మళ్లీ గర్భం వస్తే మాయ కిందికి అతుక్కోవడం లాంటి ముప్పులు పెరుగుతాయి.

కాన్పు తేదీ దాటి వారమైనా నొప్పులు రాకపోతే ఇంట్లో కూర్చోకుండా వెళ్లి చూపించుకోండి. కాన్పయ్యాక కూడా కార్డు అటకెక్కించొద్దు. బీపీ కాన్పు తర్వాత మొదటి వారంలోనూ పెరగొచ్చు, ఫిట్స్ రావచ్చు, కాబట్టి డిశ్చార్జి రోజూ, మూడో రోజూ, వారానికీ చూపించుకోండి. గర్భంలో షుగర్ వచ్చినవాళ్లు ఆరు వారాలకు మళ్లీ షుగర్ పరీక్ష చేయించుకోవాలి. ఐరన్, కాల్షియం మాత్రలు ఇంకో 180 రోజులు కొనసాగించాలి. పురుడయ్యాక మాత్రలు ఆపేశారేమోనని ఏఎన్ఎమ్ మళ్లీ అడగకపోవచ్చు, మీరే వెళ్లి తెచ్చుకోండి.